సింధు జలాలను టీఎంసీల్లో కొలిచి చూడండి: జిల్లాలో ఉండి విదేశాంగ విధానంపై వ్యాసం రాసే తీరు

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉంటూ సింధు ఒప్పందం మీద, అమెరికా సుంకాల మీద, ఉక్రెయిన్ యుద్ధం మీద వ్యాసం రాయాలనుకునే డిగ్రీ విద్యార్థులకు, అధ్యాపకులకు మొదట ఎదురయ్యేది సంకోచం: ఢిల్లీలో దౌత్యవేత్తలను రోజూ కలిసే విలేకరులు రాయనిది మనం ఏం రాయగలమని. ఆ సంకోచంతోనే కొందరు ఇంగ్లిషు సంపాదకీయాన్ని తెలుగులోకి దించి పంపిస్తారు, మరికొందరు టీవీ చర్చలోని ఆవేశాన్ని కాగితం మీద పెడతారు. జిల్లా పత్రికల అనుబంధాలకు వచ్చే వ్యాసాలను కొన్నేళ్లుగా దిద్దుతున్న అనుభవంతో నేను చెప్పగలిగిందేమిటంటే, మన పాఠకులకు బాగా తెలిసిన కొలతల్లోకి, మాటల్లోకి విదేశీ వ్యవహారాన్ని మార్చి చూసుకుంటే, ఢిల్లీ వ్యాసాల్లో కనిపించని విషయాలు కొన్ని మనకే ముందుగా కనిపిస్తాయి.

అంశాన్ని ఎంచుకునేటప్పుడు 'భారత్–పాక్ సంబంధాలు' వంటి విశాలమైన శీర్షికను పక్కన పెట్టి, ఒక తేదీ, ఒక పత్రం ఉన్న సంఘటనను పట్టుకోవాలి. ఈ వ్యాసమంతటికీ ఉదాహరణగా 2025 ఏప్రిల్ 23 నాటి ప్రకటనను తీసుకుంటాను. పహల్గాంలో ఉగ్రదాడి జరిగిన మరునాడు, భారత్, పాకిస్తాన్ సింధు, దాని ఉపనదుల నీటిని పంచుకునే 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని తక్షణం నిలిపివేస్తున్నట్లు, సీమాంతర ఉగ్రవాదానికి మద్దతును పాకిస్తాన్ విశ్వసనీయంగా, తిరుగులేని విధంగా మానుకునే వరకు ఆ స్థితి కొనసాగుతుందని కేంద్రం ప్రకటించింది.

ముందుగా ఆ ప్రకటనలోని క్రియాపదాన్ని పరీక్షించాలి. మన దగ్గర చాలా మంది దానిని 'ఒప్పందం రద్దు' అని రాశారు. నేను కూడా అలాగే రాశాను, ఆ తప్పు సంగతి తర్వాత చెబుతాను. రద్దు వేరు, నిలుపుదల వేరు. రద్దయిన పట్టా మళ్లీ బతకదు; కోర్టు స్టే ఇచ్చిన పట్టా స్టే తొలగగానే చెల్లుతుంది. సింధు ఒప్పందంలోని 12వ అధికరణం ప్రకారం, రెండు ప్రభుత్వాలు కలిసి ఇంకొక ఒప్పందం చేసుకుని ధ్రువీకరించే వరకు పాతది అమల్లో ఉంటుంది. ఒక పక్షం ఒంటరిగా వైదొలగడానికి అందులో వీలు కల్పించలేదు. 'నిలుపుదల' అనే మాట కూడా ఆ ఒప్పందంలో లేదు. అందువల్ల భారత్ ఏ చట్టపరమైన వాదన మీద నిలబడింది, పాకిస్తాన్ దేనిని ఎత్తి చూపుతోంది అన్నది ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. 2025 జూన్ 27న, ఈ ఒప్పందం మీది వివాదాన్ని విచారిస్తున్న మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఈ నిలుపుదల తన అధికార పరిధిని తొలగించదని చెప్పగా, ఆ న్యాయస్థానం ఏర్పాటునే తాము గుర్తించలేదంటూ భారత్ దానిని తోసిపుచ్చింది. 'రద్దు' అని రాసిన వ్యాసకర్తకు ఈ వివాదం అర్థం కాదు, ఎందుకంటే అతని వ్యాసంలో ఒప్పందం ఎప్పుడో చనిపోయింది.

ఇక కొలతల సంగతి. నా వ్యాసం అచ్చయిన వారంలో హాలియాలో ఒక టీ కొట్టు దగ్గర, సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా (కాలువ నీటిని చూసుకునే సిబ్బందిగా) పని చేసి రిటైరైన పెద్దాయన పత్రిక మడిచి పట్టుకుని నన్ను అడిగిన ప్రశ్న ఇది: "నీళ్లు బంద్ జేసినమని రాసినవ్ గద సారూ, మరి ఆపిన నీళ్లు యాడ పెట్టిన్రు?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. మీరు ఆ లెక్కను వ్యాసం రాయక ముందే వేసుకోవాలి.

సింధు పత్రాలన్నీ మిలియన్ ఎకరపు అడుగుల్లో ఉంటాయి. ఒక ఎకరపు అడుగు అంటే 43,560 ఘనపుటడుగులు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, కనుక ఒక మిలియన్ (పది లక్షల) ఎకరపు అడుగులు 43.56 టీఎంసీలు. పాకిస్తాన్‌కు కేటాయించిన సింధు, జీలం, చినాబ్ నదుల సాలీనా ప్రవాహం సుమారు 135 మిలియన్ ఎకరపు అడుగులని సాధారణంగా లెక్కిస్తారు, అంటే దాదాపు 5,900 టీఎంసీలు. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద (అంటే నూటికి 75 ఏళ్లలో వచ్చే నీటి మీద) కృష్ణా నది మొత్తానికి కట్టిన లెక్క 2,060 టీఎంసీలు. కృష్ణకు ఇంచుమించు మూడింతల నీరన్న మాట. ఆ పశ్చిమ నదుల మీద భారత్ నిల్వ చేసుకోవడానికి ఒప్పందం అనుమతించింది 3.6 మిలియన్ ఎకరపు అడుగులు, అంటే సుమారు 157 టీఎంసీలు. 590 అడుగుల మట్టంలో నాగార్జునసాగర్ నిల్వ 312 టీఎంసీలని మన జిల్లాలో బడి పిల్లలకు కూడా తెలుసు. అందులో సగం ఇది. అనుమతించిన ఈ నిల్వను కూడా మనం ఇంకా పూర్తిగా కట్టుకోలేదు.

ఇంకొంచెం దగ్గరికి వెళదాం. చినాబ్ మీద 900 మెగావాట్ల బగ్లిహార్ ప్రాజెక్టు ఉంది. దాని మీద పాకిస్తాన్ లేవనెత్తిన అభ్యంతరాలపై 2007లో తటస్థ నిపుణుడు రేమాండ్ లాఫిట్ తీర్పు చెబుతూ, విద్యుదుత్పత్తికి వాడుకోదగిన నిల్వను 3 కోట్ల 25 లక్షల 60 వేల ఘనపు మీటర్లకు పరిమితం చేశారు. అది 1.15 టీఎంసీ. మన జూరాల పూర్తి నిల్వ 9.66 టీఎంసీలు, జూరాలనే చిన్న జలాశయమంటూ వాపోయే పాలమూరు రైతుకు బగ్లిహార్ నిల్వ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. చినాబ్‌లో 20 వేల క్యూసెక్కులు (సెకనుకు 20 వేల ఘనపుటడుగులు) వస్తున్నాయనుకుంటే, గేట్లన్నీ మూసినా ఆ నిల్వ 16 గంటల్లో నిండిపోతుంది, పదిహేడో గంటకు నీరు కిందికి వదలక తప్పదు. 'చుక్క నీరు పోనివ్వం' అనే వాక్యాన్ని మీ వ్యాసంలోకి ఎత్తి రాసే ముందు ఈ 16 గంటలను గుర్తు చేసుకోండి.

అలాగని నిలుపుదల వట్టి మాట అని తేల్చేయడం కూడా తొందరపాటే. కింది ప్రాంతం వాడికి నీరు మొత్తం ఎంత వచ్చిందన్న దానికన్నా ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యమని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఎగువన ఆల్మట్టి నిండి గేట్లు ఎత్తే దాకా వానకాలం నార్లు పోసుకోవాలా వద్దా అని సాగర్ ఆయకట్టు ఎదురు చూస్తుంది. నదీ ప్రవాహ సమాచారం పంచుకోవడం ఆగినా, పూడిక తీయడానికి గేట్లు ఎత్తే సమయం మీద ఆంక్షలు లేకపోయినా, దిగువన విత్తనాల వేళలోనో, వరద వేళలోనో నష్టం కలిగే వీలుంది. పాకిస్తాన్ పంజాబ్ రైతు భయాన్ని ఇంతకంటే బాగా వివరించే పోలిక నాకు తట్టలేదు. ఆ భయాన్ని అర్థం చేసుకున్నంత మాత్రాన మన దేశ వాదనను వదులుకున్నట్లు కాదు. జనాభా పెరిగిందని, స్వచ్ఛ విద్యుత్తు అవసరాలు మారాయని చెబుతూ 2023 జనవరిలో, మళ్లీ 2024 ఆగస్టులో ఒప్పందాన్ని సవరించాలని భారత్ నోటీసులిచ్చింది. పహల్గాం కంటే ముందు నుంచే ఈ అసంతృప్తి ఉన్నదని రాయకపోతే వ్యాసం సగమే అవుతుంది.

పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా పాఠకుడికి మీరే చెప్పాలి. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీద సగం గేట్లను తమ అధీనంలోకి తీసుకున్నప్పుడు కేంద్రం కలగజేసుకుని సీఆర్పీఎఫ్‌ను దింపింది. ఇక్కడ కేంద్రం ఉంది, సుప్రీంకోర్టు ఉంది, కృష్ణా బోర్డు ఉంది. చినాబ్ మీద అలాంటి మూడో చేయి లేదు. ఒప్పందానికి మధ్యవర్తిగా నిలిచిన ప్రపంచ బ్యాంకు నిపుణులను నియమించగలదే తప్ప గేటు తిప్పలేదు.

ఐక్యరాజ్యసమితి ఓటింగుల గురించి రాసే వారికి మాట విషయంలో ఇంకొక హెచ్చరిక. ఉక్రెయిన్‌పై 2022 మార్చి 2న సర్వప్రతినిధి సభ ఓటింగులో 141 దేశాలు తీర్మానాన్ని సమర్థించాయి, 5 వ్యతిరేకించాయి, భారత్ సహా 35 ఎటూ ఓటు వేయలేదు. మొత్తం సభ్య దేశాలు 193. మిగిలిన 12 ఓటింగులో పాల్గొననే లేదు. తెలుగు పత్రికల్లో 'భారత్ గైర్హాజరు' అని తరచుగా కనిపిస్తుంది, కానీ గైర్హాజరైనవి ఆ పన్నెండే. హాజరై, తటస్థంగా ఉంటున్నానని నమోదు చేసిన దేశం దానికి కారణం కూడా సభలో చెబుతుంది. ఆ వివరణ చదవకుండా మన తటస్థతను మెచ్చుకోవడం గానీ, తప్పుపట్టడం గానీ చేయవద్దు.

వాణిజ్య విషయాల్లో ఉత్తర్వు ఏ సరుకుకు వర్తిస్తుందో చూడాలి. 2023 జులై 20న కేంద్రం నిషేధించింది బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని. మిర్యాలగూడ మిల్లులు పెద్ద ఎత్తున ఆడించే ఉప్పుడు బియ్యం అందులో లేదు. దానిపై ఆగస్టు 25న 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. 'బియ్యం ఎగుమతి నిషేధం' అనే శీర్షిక కింద రెండింటినీ కలిపేసిన వ్యాసాన్ని మిర్యాలగూడలో ఏ గుమాస్తా అయినా రెండో పేరాలోనే పక్కన పడేస్తాడు.

కారణాల విషయంలోనూ తొందర పనికిరాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అదే నెలలో కేంద్రం పత్తి దిగుమతులపై 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరి దాకా పొడిగించింది. దిగుమతి పత్తి చౌక కావడం ఇక్కడి ధరను కిందికి లాగుతుందన్నది సమంజసమైన వాదన. అయితే వానకు తడిసిన పత్తి తేమ 12 శాతం దాటిందని సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తిరస్కరిస్తే, క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర అందక రైతు ప్రైవేటు వ్యాపారికి తెగనమ్ముకున్న సంగతిని కూడా వాషింగ్టన్ ఖాతాలో రాయకూడదు. మునుగోడు రైతును అడగండి, ఏ నష్టం ఎక్కడి నుంచి వచ్చిందో మనకంటే బాగా విడమరచి చెబుతాడు.

పేర్ల గురించి ఒక్క మాట. చైనా అధ్యక్షుడి పేరు షీ జిన్‌పింగ్. 'జీ' అని రాస్తే అది మనం గౌరవానికి తగిలించే మాటలా కనిపిస్తుంది. ఏ దేశమో చెప్పని 'అగ్రరాజ్యం', 'ప్రపంచ దేశాలు' అనే మాటలు ఎక్కడ తగిలినా కొట్టేసి, అసలు దేశం పేరు రాయండి.

వ్యాసం చివర రాసిన తేదీ వేయండి, ఎందుకంటే సుంకాలూ నిషేధాలూ వ్యాసం అచ్చయ్యే లోపే మారిపోవచ్చు. తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబరులో తొలగింది. తప్పు బయటపడితే సవరణను రెండు వాక్యాల్లో, క్షమాపణల హంగు లేకుండా పంపించండి. నేను పంపిన సవరణ ఇలా ఉంది: "గత వారం వ్యాసంలో సింధు జలాల ఒప్పందం రద్దయిందని రాయడం పొరపాటు, అది నిలుపుదలలో ఉంది. నీరు ఆగిపోయిందన్న వాక్యం కూడా సరికాదు, అంత నీటిని నిలిపే జలాశయాలు ఆ నదులపై భారత్‌కు ఇప్పుడు లేవు." అచ్చయిన ముక్కను హాలియా తీసుకెళ్లి చూపిస్తే, పెద్దాయన రెండు సార్లు చదివి, "క్యూసెక్కుల లెక్క గూడ ఎయ్యాల్సుండె" అన్నారు.