నగరాలు, పర్యావరణం మీద పనిచేసే ఎకనామిస్ట్ అవ్వాలంటే

చెరువుల కబ్జా చూస్తే కోపం, గాలి పాడవుతోందంటే బాధ, ఇవి మీలో ఉండి ఈ దారిలోకి రావాలనుకుంటే చాలా సంతోషం, కానీ ముందు గట్టి ఎకనామిస్ట్ అవ్వాలి, పర్యావరణమైనా నగరమైనా ఆ తర్వాతే. అందుకే డిగ్రీలోనే మ్యాథ్స్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, వీలైతే రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ను రుజువులతో చదివే సబ్జెక్టు) చదవండి. బీటెక్ వాళ్లూ రావచ్చు. పీజీకి ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబైలో ఐజీఐడీఆర్ (ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్), మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి.

అసలు కష్టం ప్రశ్న దగ్గర. మెట్రో వల్ల స్థలాల రేట్లు ఎంత పెరిగాయి అన్నది హైదరాబాద్‌లో ఎవరికైనా తట్టే ప్రశ్నే. కానీ మెట్రో వేసిందే జనం, వ్యాపారం బాగా ఉన్న దారుల్లో, అది రాకపోయినా అక్కడ రేట్లు పెరిగేవేమో! ఈ రెండిటినీ విడదీసే ఉపాయం దొరికితేనే అది పరిశోధన. పైగా మన దగ్గర రిజిస్ట్రేషన్ కాగితంలో రాసే ధర ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి, ఆ సంగతి తెలియకుండా రిగ్రెషన్ (ఒకదాని మీద ఇంకొకదాని ప్రభావం ఎంతో డేటాతో లెక్కగట్టే పద్ధతి) వేస్తే ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ వాడినా తప్పు జవాబే వస్తుంది. ఊరు తెలిసినవాళ్లకు ఇక్కడే లాభం.

ఇలా విడదీయడం ఎలాగో చూడాలంటే గుజరాత్‌లోని సూరత్ మీద వచ్చిన పరిశోధన పేపర్ తప్పకుండా చదవండి. 2019లో అక్కడ ఫ్యాక్టరీ పొగగొట్టాల ధూళికి పర్మిట్ల మార్కెట్ పెట్టారు (ఇంత ధూళి వదలొచ్చు అనే పర్మిట్లను ఫ్యాక్టరీలు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు), ఏ ఫ్యాక్టరీలు అందులోకి రావాలో లాటరీ పద్ధతిలో తేల్చారు, అందులోకి వచ్చినవాటినీ రానివాటినీ నేరుగా పోల్చొచ్చు, కాబట్టే ఆ మార్కెట్ వల్ల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని ఎకనామిస్టులు మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే బృందం ధీమాగా చెప్పగలిగింది.

పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్లు జె-పాల్ (పేదరికం తగ్గించే పథకాలను ఇలాంటి లాటరీ పద్ధతిలో పరీక్షించే పరిశోధన సంస్థ) లాంటి చోట రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేయండి. సర్వే ఎలా జరుగుతుందో, డేటా ఎంత గజిబిజిగా వస్తుందో అక్కడే తెలుస్తుంది, మీ పని దగ్గరుండి చూసినవాళ్లు రాసే రికమెండేషన్ లెటర్‌కు విలువ చాలా ఎక్కువ. అమెరికాలో మంచి పీహెచ్‌డీలకు మామూలుగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, ఐదారేళ్లు పడుతుంది. మొదటి ఏడాదంతా థియరీ, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాకు వాడే గణాంక పద్ధతులు), పరీక్షల టెన్షనే, మీకు నచ్చిన సబ్జెక్టు రెండో ఏడు గానీ రాదు.

చివర్లో ఉద్యోగాల వేట. అక్కడ మీ భవిష్యత్తు చాలావరకు ఒక్క జాబ్ మార్కెట్ పేపర్ (ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు చూపించే మీ ముఖ్యమైన పరిశోధన పేపర్) మీదే ఆధారపడుతుంది, అందుకని మూడో ఏడు నుంచే దాన్ని పట్టుకోండి. అప్లికేషన్లు ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లకే కాదు, పబ్లిక్ పాలసీ, అర్బన్ ప్లానింగ్, అగ్రికల్చరల్ ఎకనామిక్స్ వాళ్లకూ పంపండి.