ఫ్యూజన్‌లో ఆటో గెయిన్: మసక షాట్‌కి ఎలా వాడాలి, ఎక్కడ తీసేయాలి

తెల్లారుజామున ట్యాంక్‌బండ్ మీద తీసిన షాట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, హుస్సేన్‌సాగర్ మీద మంచు, బుద్ధుడి విగ్రహం బూడిద రంగులో కలిసిపోయి ఉంటుంది, నలుపు నలుపులా ఉండదు తెలుపు తెలుపులా ఉండదు. ఇలాంటి వాటికి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిసాల్వ్‌లో, ఎఫెక్ట్స్ చేసే ఫ్యూజన్ పేజీలో ఆటో గెయిన్ అని ఒక నోడ్ ఉంది, నోడ్ అంటే ఇమేజ్ మీద ఒక పని చేసే చిన్న బాక్సు.

పెట్టడం తేలికే, మీడియా ఇన్ (మన క్లిప్‌ని ఫ్యూజన్‌లోకి తెచ్చే నోడ్) సెలెక్ట్ చేసి షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కండి, వచ్చిన బాక్సులో ఆటో గెయిన్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే దాని పక్కన చేరిపోతుంది. ఫ్రేమ్‌లో అన్నిటికంటే చీకటి పిక్సెల్‌ని 0కి (అంటే పూర్తి నలుపు), అన్నిటికంటే వెలుగున్న దాన్ని 1కి (అంటే పూర్తి తెలుపు) లాగి మిగతావన్నీ మధ్యలో సర్దేస్తుంది. మరీ ఘాటుగా అనిపిస్తే దాని రేంజ్ కంట్రోల్‌లో 'లో' 0.05, 'హై' 0.9 అలా పెట్టుకోండి.

అసలు చూసుకోవాల్సింది ఇక్కడే, ఇది ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా లెక్కేస్తుంది. మన షాట్ 0.3 నుంచి 0.7 మధ్యలో ఉందనుకోండి, 0.5 ఉన్న నీళ్లు ఆటో గెయిన్ తర్వాత కూడా 0.5లోనే ఉంటాయి. ఇంతలో ఒక బస్సు హెడ్‌లైట్ వేసుకుని ఫ్రేమ్‌లోకి వచ్చింది, ఆ లైట్ 1.0, అంతే, అవే నీళ్లు దాదాపు 0.29కి పడిపోతాయి, బస్సు వెళ్లగానే మళ్లీ లేస్తాయి. ప్లే చేస్తే షాట్ మొత్తం డిమ్ అయి వెలిగినట్టు కనిపిస్తుంది, అలా డెలివరీ ఇవ్వద్దు దయచేసి.

అందుకే నేను చెప్పేది, కదిలే షాట్‌లో దీన్ని లుక్ ఎంతవరకు వస్తుందో చూడటానికే వాడండి. ఒక మంచి ఫ్రేమ్ దగ్గర ఆగి, ఒరిజినల్‌ని వ్యూయర్‌లో పెట్టి చీకటి చోట, వెలుగు చోట మౌస్ ఆనించి వాల్యూస్ రాసుకోండి, తర్వాత ఆటో గెయిన్ తీసేసి బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్ నోడ్ పెట్టి అందులో ఆ వాల్యూసే, మన షాట్‌కైతే 'లో' 0.3, 'హై' 0.7 ఇవ్వండి. ఇవి షాట్ అంతా మారవు కాబట్టి బస్సు వచ్చినా నీళ్లు కదలవు, హెడ్‌లైట్ ఒక్కటే 1 దాటుతుంది, కావాలంటే 1 దాటినదాన్ని 1 దగ్గరే ఆపే క్లిప్ వైట్ టిక్ పెట్టండి.

స్టిల్ ఫోటోకైతే ఆటో గెయిన్ అలాగే వదిలేయొచ్చు, కాకపోతే నాయిస్ ఎక్కువుంటే ముందు అది తగ్గించండి, ఎక్కడో మెరిసే ఒక్క పిక్సెల్ చాలు లెక్క చెడగొట్టడానికి. త్రీడీ రెండర్‌లో డెప్త్ (ఏ వస్తువు కెమెరాకి ఎంత దూరంలో ఉందో చెప్పే వాల్యూస్) చూడాలంటే ఆటో గెయిన్‌లోనే ఉన్న డూ జెడ్ ఆన్ చేయండి, కానీ దగ్గరి వస్తువు ఫ్రేమ్‌లోకి వచ్చి పోతే అక్కడా ఇదే తంతు.