స్వేలింక్ క్రిస్మస్ గీతం 'హోదియే క్రిస్తుస్ నాతుస్ ఎస్త్' ఎలా వినాలి?

కర్ణాటక కచేరీలో గాయకుడు ముందు నడిస్తే వయొలిన్ ఆయన వెంటే వస్తుంది. అది విని పెరిగిన చెవికి, ఐదు గొంతులు ఒకేసారి ఐదు దారులు పట్టే పాత యూరప్ బృందగానం మొదట్లో గందరగోళంగా ఉంటుంది. దానికి అలవాటు పడాలంటే డచ్ స్వరకర్త యాన్ పీటర్జోన్ స్వేలింక్ (1562–1621) రాసిన ఈ గీతంతో మొదలుపెట్టండి. నిడివి సుమారు నాలుగు నిమిషాలే, పైగా ఆద్యంతం సంతోషమే.

1. ముందు గీతంలోని మాటలు చదవండి. లాటిన్ రాకపోయినా ఫర్వాలేదు, భావం ఇదీ: నేడు క్రీస్తు పుట్టాడు, నేడు రక్షకుడు ప్రత్యక్షమయ్యాడు, నేడు భూమి మీద దేవదూతలు పాడుతున్నారు, నేడు నీతిమంతులు ఉల్లసించి 'సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ' అంటున్నారు. 'హోదియే' అంటే నేడు.

2. చిన్న బృందం పాడిన రికార్డింగ్ ఎంచుకోండి. ఒక్కో గొంతు వరసకు ఒకరిద్దరే ఉంటే గొంతులు విడివిడిగా తెలుస్తాయి. వంద మంది పాడితే హోరు తప్ప ఏమీ మిగలదు.

3. మొదటిసారి 'హోదియే' కోసమే వినండి. ఆ మాటతో కొత్త భాగం మొదలవుతుంది. అలాంటివి నాలుగు. వాటి చివర 'నోయే', 'అల్లెలూయా' అనే ఆనందపు కేకలు ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు పాకుతాయి.

4. రెండోసారి అన్నిటికన్నా కింద ఉండే బాస్ గొంతును మాత్రమే పట్టుకోండి. నా దృష్టిలో అసలైన మెట్టు ఇదే. పై గొంతులు ఎంత ఊరించినా వదలకండి. మూడోసారి టెనర్ (మగవాళ్ల పై గొంతు), తర్వాత ఆల్టో (దానికి పైన ఉండే గొంతు), చివర్లో రెండు సొప్రానోలు (అన్నిటికన్నా పై గొంతులు). ఒక్కో గొంతుకూ దాని సొంత పాట ఉందని అప్పుడు తెలుస్తుంది. ఎవరూ ఎవరికీ వంత పాడడం లేదు.

5. ఇప్పుడు నేపథ్యం తెలుసుకోండి. స్వేలింక్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని పాత చర్చి ఔదె కెర్క్‌లో ఆర్గన్ వాయించేవాడు. 1578లో నగరం ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చాక ఆరాధన జరిగేటప్పుడు ఆర్గన్ వాడలేదు. ఆయన నగరం ఇచ్చే జీతం మీద ఆరాధనకు ముందూ తర్వాతా జనం కోసం వాయించాడు. అలాంటి ఊళ్లో ఉంటూ కాథలిక్ క్రిస్మస్ ప్రార్థనలోని లాటిన్ పాఠానికి ఇంత ఉత్సాహంగా స్వరాలు కట్టడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఇది ఉన్న 'కాంతియోనెస్ సాక్రే' (పవిత్ర గీతాలు) సంపుటి, మొత్తం 37 గీతాలు, ఆయన చనిపోవడానికి రెండేళ్ల ముందు, 1619లో ఆంట్‌వర్ప్‌లో అచ్చయింది.

6. మీ చర్చి క్వాయర్‌తో పాడించాలనుకుంటే స్వరలిపి సీపీడీఎల్ (కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సొప్రానోలను రెండు జట్లుగా విడదీయండి. ఒక్కో వరస విడిగా నోటికి వచ్చాకే అందరినీ కలపండి. మొదట్లో గొంతులు తడబడితే కీబోర్డుపై బాస్ వరస వాయించండి. ఆర్గన్ తోడు కోసం బాస్ వరసను స్వేలింక్ విడిగా అచ్చు వేయించాడు కూడా.