రేడియేటర్ మూత తీసే ముందు

ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందా? ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఇంజన్ వేడి కొంత అటు లాగేస్తుంది. మన ఎండల్లో నరకమే గానీ పనిచేస్తుంది. తగ్గకపోతే బండి పక్కకు తీసి ఆపేయండి.

బానెట్ ఎత్తాక:

- వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపలి ప్రెషర్ వల్ల కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైతే చాలు, ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గంటైనా ఆగండి. రేడియేటర్ పై హోస్ (రబ్బరు పైపు) చల్లబడిందో లేదో చూసి, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. ఎవరు తొందరపెట్టినా వినకండి.
- ఫ్యాన్ దగ్గర చెయ్యి, కండువా వద్దు. కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా తిరుగుతుంది.
- కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోయొద్దు, పగలొచ్చు.
- రేడియేటర్‌లో బోరు నీళ్లు అత్యవసరానికే. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి మార్పించండి.
- ఇంజన్ కాలుతున్నా హీటర్‌లో చల్లగాలే వస్తోందంటే కూలెంట్ తగ్గి ఉండొచ్చు, లేదా పైపుల్లో గాలి చేరి ఉండొచ్చు. అలా నడపకండి.
- కింద కారిన కూలెంట్ తియ్యగా ఉంటుంది గానీ విషం. కుక్కలు, పశువులు నాకకముందే తుడిచేయండి.