ట్రాక్టర్ సెల్ఫ్ 'టక్' అని ఆగిపోతోందా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

తాళం తిప్పితే 'టక్' అని ఒక్క శబ్దం. లైట్లు మసకబారతాయి, ఇంజిన్ మాత్రం కదలదు. మళ్లీ మళ్లీ తిప్పితే ఒక్కోసారి అందుకుంటుంది, లేకపోతే నలుగురు తోయాల్సిందే. దమ్ము పనులు అయ్యాక షెడ్డుకు వచ్చే ట్రాక్టర్లలో ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. వచ్చేసరికే చాలామంది కొత్త బ్యాటరీ వేయించి ఉంటారు. కొందరు సెల్ఫ్ మోటార్ వైండింగ్ కూడా కట్టించి ఉంటారు. అంత ఖర్చు పెట్టినా 'టక్' పోదు, ఎందుకంటే బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే నల్ల వైరును, అంటే ఎర్త్ వైరును, ఎవరూ విప్పి చూడలేదు.

ముందు శబ్దం వినండి

అసలు చప్పుడే లేకపోతే క్లచ్ స్విచ్, ఫ్యూజు, తాళం స్విచ్, అక్కడి నుంచి సోలనాయిడ్‌కు (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) వచ్చే సన్న వైరు చూడాలి. దీనికి 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి, చివర క్లిప్పులు పెట్టుకుంటే చాలు. ఒక క్లిప్పు బాడీకి, ఇంకోటి సోలనాయిడ్ సన్న వైరుకి పెట్టి తాళం తిప్పించండి. బల్బు వెలగకపోతే తప్పు ఆ దారిలోనే ఉంది.

'టకటకటక' అని కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ డౌన్. ఛార్జింగ్ పెట్టండి. మోటార్ గిర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోతే తప్పు బెండిక్స్‌ది, అంటే మోటార్‌ను ఇంజిన్ పళ్ల చక్రానికి కలిపే భాగానిది.

ఒక్క 'టక్' మాత్రమే వస్తే వోల్టేజి కొలిచే మల్టీమీటర్ చేతికి తీసుకోండి. బ్యాటరీ రెండు పోస్టుల మీద పెట్టి, ఒకరిని తాళం తిప్పమనండి. వోల్టేజి 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్టు, లేదా మోటార్ పట్టేసినట్టు. అలా కాకుండా 12 దగ్గరే నిలబడిందనుకోండి, బ్యాటరీకి ఏ రోగమూ లేదు. దానిలో ఉన్న కరెంటు మోటార్ దాకా పోవడం లేదు. కొత్త బ్యాటరీ కొనేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఈ ఒక్క చెకింగ్.

బల్బు వెలిగింది కదా అని నమ్మకండి

"ఎర్త్ చూశానన్నా, బల్బు బ్రహ్మాండంగా వెలుగుతోంది" అంటారు. ఆ బల్బు లాగేది రెండు ఆంపియర్ల లోపే. డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటార్ లాగేది రెండు మూడు వందల ఆంపియర్లు. వైరులో ఓమ్‌లో వందో వంతు అడ్డు ఉన్నా 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. అదే అడ్డు బల్బుకు అసలు తెలియదు. మీటర్‌ను బీప్ మీద పెట్టి చూసినా అంతే, ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ వస్తుంది. కాబట్టి లావు వైరును అసలు లోడ్ మీదే పరీక్షించాలి.

మీటర్ ఉంటే డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద (పైన ఉన్న టెర్మినల్ మీద కాదు, సీసం పోస్టు మీదే), రెండోది ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్టు మీద ఆనించండి. తాళం తిప్పినప్పుడు 0.2, 0.3 చూపిస్తే పర్వాలేదు. అర వోల్టు దాటితే వైరు విప్పాల్సిందే.

మీటర్ లేకపోతే షెడ్డులో చేసుకున్న పరికరం ఉంది, నేను ఎక్కువగా వాడేది అదే. పాత వెల్డింగ్ కేబుల్, 35 చదరపు మి.మీ. లేదా అంతకన్నా లావుది, రెండు మీటర్లు. రెండు చివర్లా వెల్డింగ్ ఎర్త్ క్లాంపులు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, ఒకటి బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు, రెండోది సెల్ఫ్ మోటార్ బాడీకి బిగించండి. బ్యాటరీ దగ్గర గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ అక్కడ రాకూడదు కాబట్టి మోటార్ వైపుది ఆఖర్న పెట్టాలి. ఇప్పుడు తాళం తిప్పితే ఇంజిన్ ఝామ్మని తిరిగిందా, దోషి నల్ల వైరే, లేదా దాని బిగింపే. ఇంకేమీ వెతకక్కర్లేదు.

స్పానర్‌తో సోలనాయిడ్ టెర్మినల్స్ కలిపి స్టార్ట్ చేసే అలవాటు మాత్రం దయచేసి మానండి. గేరులో ఉంటే బండి మీ మీదకే వస్తుంది. పెద్ద చక్రం పక్కన నిలబడి చేసే పని అది, ప్రాణాలు పోయాయి. పైగా దానివల్ల ఎర్త్ సంగతి ఏమీ తేలదు.

తప్పు దాక్కునే చోటు

పైకి వైరు కొత్తదానిలా ఉంటుంది. లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర తొడుగును బ్లేడుతో రెండు అంగుళాలు చీల్చండి. దమ్ములో బురదనీళ్లు, బ్యాటరీ యాసిడ్ ఆవిరి కలిసి లగ్గు సందులోంచి లోపలికి పాకి ఉంటాయి. రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, ఇంకా లోపల నల్లబడి, గోటితో వంచితే పుల్లల్లా విరుగుతాయి. లావు వైరులో పది పోగులు పనిచేస్తున్నా లైట్లన్నీ వెలుగుతాయి, మోటార్ మాత్రం తిరగదు.

రెండో చోటు బాడీకి బిగించిన బోల్టు కింద. అమ్మకానికి ముందో, దసరాకో రంగు కొట్టిస్తారు. లగ్గు విప్పి, రంగు వేసి, ఆ రంగు మీదే మళ్లీ బిగించేస్తారు. వైండింగ్ నుంచి వచ్చిన మోటార్ అంచుకు కూడా అలాగే పెయింట్ ఉంటుంది. రెండు మూడు సార్లు తాళం తిప్పాక లగ్గులను చేత్తో తాకి చూడండి, కాలేది ఏదో తప్పు దాని దగ్గరే.

బాగు చేయడం

ముక్క కోసి అతకడం దండగ, నల్లబడింది లోపల ఎంత దూరం పోయిందో కనపడదు. పాతదానికంటే సన్నం కాని కొత్త కేబుల్ వేయండి. లగ్గును సుత్తితో చితక్కొట్టొద్దు, పోగులు వదులుగా ఉండిపోతాయి. క్రింపింగ్ టూల్ లేకపోతే ఒక యాంగిల్ ముక్క ఒడిలో లగ్గు పెట్టి, మొన గుండ్రంగా అరగదీసిన ఇనుప రాడ్‌ను దాని మీద ఆనించి, వైస్‌లో బిగించి నొక్కండి. కేబుల్ లాగితే లగ్గు కదలకూడదు. పైన హీట్ ష్రింక్ ట్యూబు తొడగండి. బాడీ మీద లగ్గు కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా ఎమరీతో రుద్ది, స్టార్ వాషర్ వేసి, బిగించాక వ్యాజలీన్ పూయండి.

కారు, జీపు అయితే ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది కాబట్టి ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఇంకో అల్లిక పట్టీ ఉంటుంది. దాన్నీ ఇలాగే చూడాలి.

నెగెటివ్ బాగుందని తేలితే ఇదే పరీక్ష పాజిటివ్ వైరుకు, ఆ తర్వాత సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులకు. కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు అరగడం ఇవన్నీ అయ్యాకే. సిలిండర్‌లో నీళ్లు చేరి ఇంజిన్ పట్టేయడం చాలా అరుదు. అనుమానం ఉంటే క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పి చూడండి.