పగిలిన పలకతో టీపాయ్: ఎపాక్సీ పోత, డమరుకపు కీలు

టీపాయ్ పైభాగానికి వెడల్పాటి పలక దొరికినప్పుడు, దానిలో ఒక పగులు ఉన్నంత మాత్రాన పక్కన పెట్టనక్కర్లేదు. పగులును ఎపాక్సీతో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలను కలిపితే గట్టిపడే పదార్థం) నింపి, దానికి అడ్డంగా డమరుకం ఆకారపు చెక్క ముక్కలను (ఇక్కడ కీలు అంటే ఈ ముక్కే) పొదిగితే బల్లకు అదే అందం. అయితే ఎపాక్సీ ఖాళీని నింపుతుందే గాని, పగులు ఇంకా సాగకుండా ప్రధానంగా పట్టి ఉంచేది ఆ చెక్క కీలే.

పలక తేమ 12 శాతానికి మించకుండా ఆరాలి. తడి చెక్కకు ఎపాక్సీ సరిగా అంటదు; అంటినా, చెక్క ఆరి కుంచించుకున్నప్పుడు అతుకు విడిపోవచ్చు. పగులులోని వదులు పొట్టును తీగ బ్రష్‌తో తీసేసి, అడుగున ఖాళీ లేకుండా టేపు అంటించి, ముందుగా లోపలి గోడలకు పల్చగా ఎపాక్సీ పూయండి. ఈ పూత లేకపోతే, చెక్క రంధ్రాలలోని గాలి పోత గట్టిపడేలోగా బుడగలై పైకి వస్తుంది.

రెసిన్, హార్డెనర్‌ల పాళ్లు డబ్బా మీద ఘనపరిమాణంలో చెప్పారో, బరువులో చెప్పారో చూసుకోవాలి. రెండూ ఒకటి కావు. కలిపేటప్పుడు చేతులకు గ్లవ్స్, గదిలో గాలి ఆడేలా తెరిచిన కిటికీలు ఉండాలి. ఒకసారి నేను తొందరపడి మిశ్రమమంతా ఒకే లోతైన మగ్గులో కలిపి ఉంచితే, కొన్ని నిమిషాలకే అది పొగలు కక్కి, ప్లాస్టిక్ మగ్గు అడుగు మెత్తబడింది. గట్టిపడే చర్యలోనే వేడి పుడుతుంది. మందం పెరిగేకొద్దీ ఆ వేడి బయటికి పోదు. అందువల్ల లోతైన పగులుకు లోతైన పోతకే తయారైన రకాన్ని వాడాలి, లేదా డబ్బా మీద చెప్పిన మందానికి మించకుండా పొరలుగా పోయాలి.

పోత పూర్తిగా గట్టిపడ్డాక కీలు పని. చేవదేరిన, ముదురు రంగు చెక్కను తీసుకోండి. దాని నార కీలు పొడవునా సాగి, పగులుకు అడ్డంగా ఉండాలి. నార పగులు వెంట ఉంటే సన్నని నడుము దగ్గర పుటుక్కున విరుగుతుంది. మందం పలకలో మూడోవంతు నుంచి సగం వరకు చాలు. ముందు కీలును కోసి, పలక మీద పెట్టి, దాని చుట్టూ పెన్సిల్‌తో కాక పదునైన కత్తితో గీత గీయాలి, ఎందుకంటే కత్తి గాటులో ఉలి అంచు తనంతట తానే కూర్చుంటుంది. గుంటను గీతకు లోపలే తొలిచి, చివరి పల్చని పొరను మాత్రమే గీత వరకు చెక్కండి. కీలు అడుగు అంచులను కొద్దిగా ఏటవాలుగా కోసి, జిగురు పూసి, కొయ్యసుత్తితో దించితే 1 మిల్లీమీటరు పైకి మిగలాలి. జిగురు ఆరాక దాన్ని చిత్రికతో సమం చేయండి.

సాండ్‌పేపర్‌ను 80, 120, 180, 220 నంబర్ల వరుసలో, అంటే గరుకు నుంచి నునుపుకు వాడుతూ, మాస్కు పెట్టుకోండి. గీతలు చెక్క మీద కన్నా ఎపాక్సీలో బాగా కనబడతాయి గనుక, పక్క నుంచి లైటు వేసి చూసుకోవాలి. కాళ్ల ఎత్తు 40 నుంచి 45 సెంటీమీటర్లు సరిపోతుంది. కాళ్లను కలిపే చట్రాన్ని పలకకు జిగురుతో అంటించకుండా, నారకు అడ్డంగా సాగిన పొడవాటి రంధ్రాలలో స్క్రూలు వేస్తే, కాలాలు మారినప్పుడు పలక వెడల్పు పెరిగినా తగ్గినా దానికి కదిలే వీలుంటుంది.