లేజర్ పడవ బోల్తా పడితే: ఎక్కడ మొరాయిస్తుంది, ఎలా లేపాలి

వానాకాలం గాలుల్లో హుస్సేన్‌సాగర్ మీద సెయిలింగ్ నేర్చుకుంటూ బోల్తా పడకపోవడం కుదరని పని. టెన్షన్ అక్కర్లేదు. లేజర్ అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ. దాని పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. ఒక్కరు లేపగలరు. లైఫ్ జాకెట్ ఉంది కదా అని పడవ వదిలి ఒడ్డుకు మాత్రం ఈదకండి.

సమస్య: లేపగానే అవతలి పక్కకు పడిపోతోంది

అందరినీ ఏడిపించేది ఇదే. మాస్ట్ (తెరచాపను నిలబెట్టే స్తంభం) కొన గాలి వచ్చే దిక్కుకు ఉంటే, తెరచాప నీళ్లలోంచి లేచీ లేవగానే గాలి దాని కిందికి దూరుతుంది. పడవ మొత్తం మన నెత్తిమీదుగా తిరగబడుతుంది. మొదట్లో నేను ఆత్రంకొద్దీ మూడుసార్లు లేపి, మూడుసార్లూ మీదేసుకున్నాను. తెరచాపను లాగి పట్టే మెయిన్‌షీట్ తాడు ఎక్కడైనా బిగుసుకున్నా ఇంతే.

ముందు ఆ తాడు వదులు చేయండి. తర్వాత పడవ ముక్కు దగ్గరకు ఈది, దాన్ని పట్టుకుని నీళ్లలో వేలాడండి. మీ ఒళ్లే లంగరులా పనిచేస్తుంది. పడవ మెల్లగా తిరిగి ముక్కు గాలికి ఎదురవుతుంది. అప్పుడు లేపితే తెరచాప రెపరెపలాడుతుందే గానీ తోయదు.

సమస్య: డాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) ఎక్కి నిలబడ్డా లేవట్లేదు

తెరచాప మీద నీళ్ల బరువు ఉంది. పాదాలు పడవ అడుగుకు ఆనించి, పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలండి. కుదుపులు వద్దు. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, నీళ్లు జారాక ఒక్కసారిగా లేస్తుంది. బరువు తక్కువవాళ్లు బోర్డు కొసకు జరగొచ్చు, కానీ అది విరిగితే ఖర్చు మీదే.

సమస్య: పూర్తిగా తలకిందులైంది, డాగర్‌బోర్డ్ కనిపించట్లేదు

దాన్ని పట్టి ఉంచే ఎలాస్టిక్ తాడు వదులై కిందికి జారింది. కింద చెయ్యిపెట్టి పైకి తోయండి. పడవ అంచు మీద నిలబడి, బోర్డు పట్టుకుని వాలండి.

సమస్య: మాస్ట్ కొన బురదలో దిగింది

ఊపితే మాస్ట్ వంగుతుంది. రెస్క్యూ బోటును పిలిచి, దిగిన దారినే వెనక్కి నెమ్మదిగా లాగించండి.

సమస్య: లేచింది గానీ బరువుగా, మందకొడిగా నడుస్తోంది

వెనకవైపు డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడా) బిగించడం మర్చిపోయారు, పడవ బోలులోకి నీళ్లు చేరాయి. ఒడ్డుకు వచ్చి ఖాళీ చేయాల్సిందే. ఆ ప్లగ్ చాలాసార్లు ఒడ్డున విప్పిపెట్టిన ప్యాంటు జేబులోనే ఉంటుంది.